ఆకాశంలో బస: కిటికీకి నూటికి నూరు, లిఫ్టుకి అత్తెసరు

పెద్ద నగరం నడిబొడ్డున, యాభయ్యో అంతస్తు పైన, నేల నుంచి పైకప్పు దాకా అద్దమే గోడగా ఉన్న గది. బుకింగ్ పేజీ అమ్మేది ఈ ఒక్క బొమ్మనే. బొమ్మ అబద్ధమేమీ కాదు. కాకపోతే ఒక రోజు బసలో ఆ అద్దం ముందు నిలబడేది మహా అయితే గంట. మిగతా కాపురమంతా లిఫ్టుతో, షవర్‌తో, ఏసీతో, పరదాలతో, తలుపు కార్డుతో. ఎత్తు పెరిగే కొద్దీ ఇవి మొండికేసే అవకాశమూ పెరుగుతుంది. రెండంతస్తుల హోటల్లో ఒక గొట్టం, ఒక తీగ చేసే పనిని ఇక్కడ పంపులు, మధ్య ట్యాంకులు, సెన్సర్లు, కంప్యూటర్లు కలిసి చేయాలి. అందుకే ఇక్కడ వ్యూ సంగతి తర్వాత, ముందు లిఫ్టు.

ఆకాశహర్మ్యాల హోటళ్ళు రెండు రకాలు. టవరంతా హోటలే అయినవి ఒక రకం. దుబాయ్‌లోని జేడబ్ల్యూ మారియట్ మార్క్విస్ అలాంటిది: 355 మీటర్ల జంట టవర్లు, 1,600 పైచిలుకు గదులు. రెండో రకంలో కింద ఆఫీసులు, పైన హోటల్. హాంకాంగ్ రిట్జ్ కార్ల్‌టన్ ఐసీసీ టవర్‌లో 102 నుంచి 118 దాకా ఉంటుంది. షాంఘై పార్క్ హయత్ వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్‌లో 79 నుంచి 93 దాకా, టోక్యో పార్క్ హయత్ 39 నుంచి 52 దాకా, లండన్ షార్డ్‌లోని షాంగ్రీ-లా 34 నుంచి 52 దాకా. ఈ రెండో రకంలో రిసెప్షన్ కూడా నేల మీద ఉండదు. హాంకాంగ్‌లో 103లో, షాంఘైలో 87లో, టోక్యోలో 41లో, లండన్‌లో 35లో ఉంటుంది. వీధి గుమ్మం నుంచి స్కై లాబీకి (పైన రిసెప్షన్ ఉండే అంతస్తుకి) ఒక లిఫ్టు, అక్కడ దిగి గది అంతస్తుకి ఇంకో లిఫ్టు. ఒక్కోసారి స్కై లాబీ నుంచి గదికి మళ్ళీ కిందికి దిగాల్సి వస్తుంది కూడా.

వీధి నుంచి గది తలుపు దాకా అయిదు నిమిషాలు పట్టిందంటే మంచి హోటలే. రద్దీ వేళ పది పడుతుంది. రోజుకి రెండుసార్లు బయటికెళ్ళి వస్తే నాలుగు ప్రయాణాలు. ఇరవై నుంచి నలభై నిమిషాలు లిఫ్టుల పాలు. మధ్యాహ్నం ఒకసారి గదికొచ్చి నడుం వాల్చి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఈ లెక్క ముఖ్యం. మర్చిపోయిన గొడుగు కోసం ఎవరూ వెనక్కి వెళ్ళరు, కింద కొత్తది కొనుక్కుంటారు.

లిఫ్టులు ఎన్నున్నాయో చూడండి. భవన నిర్మాణంలో వాడే మోటు లెక్క ప్రకారం హోటల్లో దాదాపు వంద గదులకి ఒక అతిథుల లిఫ్టు ఉండాలి, సర్వీసు లిఫ్టులు వేరే. లిఫ్టుకీ లిఫ్టుకీ మధ్య ఎడం ముప్పై నలభై సెకన్లుంటే హాయి, నిమిషం దాటితే చికాకు మొదలు. చెకిన్ అయిన రోజు సాయంత్రం కాదు, మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య చూస్తే అసలు రంగు తెలుస్తుంది. టిఫిన్‌కి దిగేవాళ్ళు, పెట్టెలతో ఖాళీ చేసేవాళ్ళు, మీటింగులకి పరిగెత్తేవాళ్ళు ఒకేసారి బటన్ నొక్కుతారు. ఏడున్నరకి టిఫిన్ ముగించుకోవడం ఒక్కటే దీనికి మందు.

చాలా కొత్త టవర్లలో లిఫ్టు లోపల అంతస్తుల బటన్లుండవు. బయటి తెరమీద అంతస్తు ఎంచుకుంటే ఏ, బీ, సీ అని ఒక లిఫ్టు పేరు చూపిస్తుంది, అందులోనే ఎక్కాలి. నలుగురు కుటుంబసభ్యుల్లో ఒక్కరే నొక్కితే యంత్రం లెక్కలో ఒక్కరే. మిగతా ముగ్గురి చోటును ఇంకెవరికో కేటాయిస్తుంది, తలుపు తెరిచేసరికి లోపల కిక్కిరిసి ఉంటుంది. కాబట్టి ఎందరుంటే అన్నిసార్లు నొక్కాలి. కొన్ని తెరల మీద మందిని చెప్పడానికి మనిషి బొమ్మ ఉంటుంది. కార్డు చూపించే వరుస కూడా తిరకాసే: ముందు కార్డు ఆనించి, దీపం ఆకుపచ్చగా మారాక అంతస్తు నొక్కాలి. తలకిందులు చేస్తే ఏమీ జరగదు, మనం మాత్రం లిఫ్టు వస్తుందని నిలబడి ఉంటాం.

చెవుల సంగతి. 400 మీటర్లు పైకి వెళ్తే గాలి పీడనం దాదాపు అయిదు శాతం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు చెవిలోని గాలి సులువుగా బయటపడుతుంది కాబట్టి చిన్న టప్‌మనే చప్పుడుతో సరిపోతుంది. దిగేటప్పుడు గాలి లోపలికి వెళ్ళాలి, చెవినీ గొంతునీ కలిపే గొట్టం అంత సులువుగా తెరుచుకోదు, అందుకే నొప్పి దిగేటప్పుడే. తైపే 101 టవర్‌లో నిమిషానికి 1,010 మీటర్లు ఎక్కే లిఫ్టు దిగేటప్పుడు 600కి తగ్గించుకోవడానికి కారణం ఇదే. జలుబు చేసి ఉంటే దిగుతున్నంతసేపూ గుటకలు వేస్తుండాలి, పసిపిల్లలకి పాలసీసా నోట్లో పెట్టాలి.

ఇక ఏ అంతస్తు అడగాలి? అందరూ అన్నిటికంటే పైది అడుగుతారు. కనుచూపు దూరం ఎత్తు పెరిగినంతగా పెరగదు. 100 మీటర్ల నుంచి దిగంతం సుమారు 36 కిలోమీటర్లు, 200 నుంచి 50, 400 నుంచి 71. ఎత్తు నాలుగింతలైతే చూపు రెండింతలే. పైగా ఓ స్థాయి దాటాక నగరం నగరంలా ఉండదు, పటంలా ఉంటుంది. మనుషులు చుక్కలైపోతారు, పక్క భవనాల పైకప్పుల మీద కూలింగ్ టవర్లు, నీటి ట్యాంకులు తప్ప ఏమీ కనపడవు. నది మలుపు, వంతెన, దీపాల బారు, బజారు కదలిక – ఇవి బాగా కనిపించేది 25 నుంచి 45 అంతస్తుల మధ్య. వానాకాలంలో ఎనభై దాటిన గది పూర్తిగా మబ్బులో మునిగి కిటికీ నిండా తెల్ల గోడే మిగిలిన రోజులు ఉంటాయి. మబ్బుకి వాపసు ఇచ్చే హోటల్ దొరకడం కష్టం.

అంతస్తు అంకెను కూడా పూర్తిగా నమ్మకూడదు. 13 లేని భవనాలున్నాయి, 4, 14, 24, 40ల వరుస లేని భవనాలూ ఉన్నాయి. ‘58వ అంతస్తు’ నిజానికి నేల నుంచి నలభై చిల్లర కావచ్చు. అంతకంటే ముఖ్యం, మెషిన్ అంతస్తులు ఎక్కడున్నాయో. ఎత్తైన టవర్‌లో ఇరవై ముప్పై అంతస్తులకి ఒకసారి పంపులు, ఏసీకి నీటిని చల్లబరిచే చిల్లర్లు, ఫ్యాన్లు ఉండే అంతస్తు వస్తుంది. బయటి నుంచి ఫొటో చూస్తే తెలుస్తుంది: అద్దం బదులు జాలీ పలకలున్న పట్టీ. దానికి సరిగ్గా పైనా కిందా ఉన్న గదుల్లో రాత్రంతా సన్నగా హుమ్‌మని మూలుగు ఉంటుంది. చెవికి కాదు, దిండుకి వినిపిస్తుంది. పైకప్పు బార్ కిందున్న గది, జిమ్ కిందున్న గది (బరువులు నేలకేసి కొట్టే చప్పుడు), కారిడార్‌లో సర్వీసు లిఫ్టు పక్క గది, మధ్య తలుపుతో పక్కగదికి కలిసిన గది – ఈ నాలుగూ వద్దని ముందే రాయించుకోవాలి.

దిక్కు అంతస్తు కంటే ముఖ్యం అని మా లెక్క. పడమటి అద్దం మధ్యాహ్నం నుంచి పొయ్యి. ఏసీ ఎంత తిప్పినా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోలేం. తూర్పు అద్దం అయితే తెల్లవారక ముందే లేపేస్తుంది, నల్ల పరదా నడుమ రెండు వేళ్ళ సందు ఉంటే చాలు. ఆ సందుకి అల్మరాలోని క్లిప్పుల హ్యాంగర్ మంచి ఉపాయం, రెండు అంచులూ కలిపి పట్టేస్తుంది. ‘పార్షియల్ వ్యూ’ అంటే మెడ తిప్పితే కనపడే వ్యూ. ఒకే హోటల్లో రెండు వైపులకీ రెండు లోకాలు ఉండొచ్చు: సింగపూర్ మరీనా బే శాండ్స్‌లో ఒక వైపు నగరం, ఇంకో వైపు తోటలు, వాటి వెనక ఓడలున్న సముద్రం. రాత్రి దీపాలు కావాలంటే నగరం వైపు, పొద్దున్న ప్రశాంతత కావాలంటే తోటల వైపు. మూలగదికి రెండు దిక్కులు వస్తాయి గాని, భవనం లావుపాటి స్తంభం సరిగ్గా మూలలోనే వచ్చే డిజైన్లూ ఉన్నాయి. ఆ అంతస్తు ప్లాన్ చూసి గాని ఎక్కువ కట్టకూడదు. అద్దాలు వంపుగానో కోణంగానో బయటికి పొడుచుకొచ్చిన భవనాల్లో రాత్రిపూట దీపాలు వేస్తే పక్క గది అద్దంలో మన గది ప్రతిబింబిస్తుంది. బట్టలు మార్చుకునే ముందు పరదా వేయాలి. డెబ్బయ్యో అంతస్తులో మనల్నెవరు చూస్తార్లే అనుకోవడమే ఇక్కడ పొరపాటు. అద్దాలు తుడిచే ఉయ్యాల పొద్దున్న తొమ్మిదింటికి చెప్పాపెట్టకుండా దిగుతుంది. ఏ వైపు ఏ రోజు తుడుస్తారో రిసెప్షన్‌లో అడిగితే చెప్తారు.

అద్దం ఇంకో పని కూడా చేస్తుంది, ఫోను సిగ్నల్ తినేస్తుంది. ఎండ వేడిని ఆపడానికి దాని మీద కంటికి కనపడని లోహపు పూత ఉంటుంది, అది రేడియో తరంగాలనీ ఆపుతుంది. దానికి తోడు అంత ఎత్తులో ఫోనుకి ఒకేసారి పదుల సెల్ టవర్లు కనిపించి, ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుతూ కాల్ తెగిపోతుంది. గీతలు నిండుగానే ఉంటాయి, మాట వినపడదు. లోపల సొంత యాంటెన్నాలు వేసుకున్న హోటల్లో ఈ గొడవ ఉండదు. లేని చోట వైఫై కాలింగ్ పెట్టుకోవడం తప్ప దారి లేదు. రాత్రి ఫొటోలకి గదిలో దీపాలన్నీ ఆర్పి (బాత్రూమ్‌ది, మినీబార్‌ది కూడా) లెన్సును అద్దానికి ఆనించి చుట్టూ ముదురు రంగు గుడ్డ కప్పితే దీపాల నీడలు పడవు.

నీరు పల్లమెరుగు అంటారు. ఇక్కడ దానికి ఎత్తు నేర్పాలి. పది మీటర్ల నీటి నిలువుకి సుమారు ఒక బార్ పీడనం. 300 మీటర్ల టవర్‌కి ఒకే గొట్టం వేస్తే అడుగున 30 బార్లు, ఏ కుళాయీ తట్టుకోదు. అందుకని భవనాన్ని జోన్లుగా విడగొట్టి, మధ్య మధ్య ట్యాంకులు పెట్టి, పీడనం తగ్గించే వాల్వులు బిగిస్తారు. షవర్‌కి హాయిగా ఉండేది ఒకటిన్నర నుంచి మూడు బార్లు. జోన్‌లో అడుగు అంతస్తులకి వాల్వు అరిగితే నీళ్ళు సూదుల్లా గుచ్చుతాయి. ట్యాంకుకి సరిగ్గా కిందున్న పై అంతస్తుల్లో బూస్టర్ పంపు మూలిగితే పెద్ద పళ్ళెమంత రెయిన్ షవర్ నుంచి ధార బదులు చినుకులు రాలతాయి. అలాంటప్పుడు చేతి షవర్ వాడుకోవడం మేలు, రంధ్రాలు తక్కువ కాబట్టి అదే నీటికి వేగం ఎక్కువ.

వేడి నీళ్ళది సులువైన పరీక్ష. తిప్పాక ఇరవై సెకన్ల లోపు వేడి రావాలి, ఎందుకంటే ఇలాంటి హోటళ్ళలో వేడి నీరు గొట్టంలో ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. నిమిషం దాటినా రాకపోతే తిప్పే పంపుదో, వాల్వుదో లోపం. మెకానిక్ వచ్చి వేడి, చల్లని నీళ్ళు కలిపే మిక్సర్ పిడి మార్చినంత మాత్రాన అది తగ్గదు, గది మార్చమని అడగడమే నయం. వేడి, చల్లన పది సెకన్లకోసారి మారిపోతుంటే మిక్సర్‌లో వేడిని సరిచూసే థర్మోస్టాటిక్ కార్ట్రిడ్జ్‌లో సున్నం పేరుకుంది. ఇది మాత్రం అరగంట పని, చేయించుకోవచ్చు. కిటికీ పక్క టబ్బు ఫొటోలకి బాగుంటుంది, కాని 240 లీటర్ల టబ్బు నిమిషానికి 12 లీటర్ల కుళాయితో నిండటానికి ఇరవై నిమిషాలు. నిండేసరికి అడుగు నీళ్ళు చల్లారిపోతాయి, అందుకని కాస్త ఎక్కువ వేడితోనే మొదలుపెట్టాలి. గది కొన్నాళ్ళు ఖాళీగా ఉండి ఉండొచ్చు కాబట్టి మొదటిసారి షవర్‌ని రెండు నిమిషాలు వదిలేసి తర్వాత స్నానం చేయడం ఆరోగ్యానికి మంచిది, నిలవ నీటిలో లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరిగే వీలుంది.

కిటికీలు తెరుచుకోవు. అంచేత గాలి మొత్తం ఏసీ దయ. ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించేది ‘ఏసీ చల్లగా లేదు’ కాదు, ‘అర్ధరాత్రి దానంతటదే ఆగిపోతోంది’. గదిలో కదలికను పసిగట్టే సెన్సర్, మనిషి నిద్రపోతే గది ఖాళీ అనుకుంటుంది. రిసెప్షన్‌కి ఫోన్ చేసి ‘సెన్సర్ ఆపి, గదిలో మనిషి ఉన్నట్టు సెట్ చేయండి’ అని ఆ మాటే చెప్పాలి. ‘ఏసీ పనిచేయడం లేదు’ అంటే మెకానిక్‌ని పంపుతారు, అతను వచ్చిన కదలికకి ఏసీ బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇంకోటి: రెండు గొట్టాల వ్యవస్థ ఉన్న పాత భవనంలో ఒక కాలంలో చల్లదనమో వెచ్చదనమో ఏదో ఒకటే వస్తుంది. ఋతువు మారే వారాల్లో ఎండ పడే గది ఉడికిపోతుంది, నీడ వైపు గది వణుకుతుంది. నాలుగు గొట్టాల భవనంలో ప్రతి గదీ తనకి కావలసింది తీసుకుంటుంది. బుకింగ్‌కి ముందు అడగదగ్గ ప్రశ్న ఇది. ఇంజనీరింగ్ విభాగాన్ని అడిగి చెప్పమంటే చెప్తారు.

చలి ప్రాంతాల్లో శీతాకాలం అయితే భవనమే పొగగొట్టం అవుతుంది. లోపలి వెచ్చని గాలి లిఫ్టు బావుల గుండా పైకి లేచి, కింద గుమ్మం నుంచి చల్లగాలిని లాక్కుంటుంది. తలుపు సందుల్లో ఈల, లిఫ్టు తలుపులు మూసుకోవడానికి మొరాయించడం, గది తలుపు తోయడానికి బరువెక్కడం ఇందుకే. తలుపు కింద తువ్వాలు చుట్టి పెడితే ఈల ఆగుతుంది.

గాలివాన రోజు టవర్ ఊగుతుంది. ఊగాలి కూడా, బిగదీసుకుని నిలబడితే విరుగుతుంది. షాంఘై వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్ 90వ అంతస్తులో ఊపును తగ్గించడానికి 150 టన్నుల దిమ్మలు రెండు వేలాడుతుంటాయి. మనకి ముందు తెలిసేది కళ్ళతో: అల్మరాలో హ్యాంగర్లు తిరుగుతాయి, కమోడ్‌లో నీళ్ళు అటూ ఇటూ ఊగుతాయి. తర్వాత చెవులతో, గోడ పలకలు ఓడలోలా కిర్రుమంటాయి. ప్రమాదం లేదు గాని ఓడ ప్రయాణం పడనివాళ్ళకి కడుపులో తిప్పుతుంది, వాళ్ళు హోటల్ గదుల్లో అన్నిటికంటే కింది అంతస్తు అడగాలి. అలాంటి గాలిలో లిఫ్టు తాళ్ళు ఊగకుండా వేగం తగ్గిస్తారు, కొన్నిటిని ఆపేస్తారు. విమానం ఎక్కే రోజు గాలివాన సూచన ఉంటే పావుగంట కలుపుకోవాలి.

పైకప్పు ఈతకొలను గురించి రెండు మాటలు. మరీనా బే శాండ్స్‌ది 150 మీటర్ల పొడవు, 57వ స్థాయిలో, బస చేసేవాళ్ళకి మాత్రమే. కింద మూడు టవర్లూ వేటికవి ఊగుతాయి కాబట్టి కొలను అడుగున అర మీటరు దాకా జరగగల కీళ్ళు నాలుగు పెట్టారు. ఇంజనీరింగ్ అమోఘం. ఈత మాత్రం తక్కువ, ఫొటోలు ఎక్కువ. ఏ నగరంలోనైనా ఇలాంటి కొలనుల కథ ఇంతే. తెరిచిన మొదటి గంట తప్ప మరెప్పుడూ బారలు వేసి ఈదలేరు. ఎత్తులో గాలి వల్ల తడి ఒంటికి చలి త్వరగా తగులుతుంది, మెరుపు కనిపిస్తే మూసేస్తారు. కొలను కోసమే గది తీసుకునేవాళ్ళు మరమ్మతు తేదీలు ముందే అడిగి తెలుసుకోవాలి.

గదికి తెప్పించుకునే భోజనం సర్వీసు లిఫ్టులో వస్తుంది, తువ్వాళ్ళ బండ్లతో పోటీపడి. వేపుళ్ళు మెత్తబడి వస్తాయి. పులుసు, అన్నం లాంటివి మూత కింద తట్టుకుంటాయి. మినీబార్ అరల కింద సెన్సర్లుంటాయి, సీసా తీసి కాసేపు చూసి పెట్టినా బిల్లు పడుతుంది. మన మందుల కోసం ఆ ఫ్రిజ్ ఖాళీ చేయొద్దు, వేరే చిన్న ఫ్రిజ్ అడిగితే తెచ్చిపెడతారు.

నిప్పు విషయంలో మాత్రం హాస్యం లేదు. మామూలు అగ్నిమాపక నిచ్చెన 30 మీటర్లకి అటూ ఇటూగా ఆగుతుంది, అంటే పదో అంతస్తు లోపు. ఆపైన మెట్లే దిక్కు. చెకిన్ కాగానే గది తలుపు నుంచి మెట్ల తలుపు దాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టాలి, పొగలో కళ్ళు పనిచేయవు, చేతికి తగిలే తలుపుల లెక్కే దారి. మెట్లలోకి అడుగుపెట్టాక వెనక తలుపు తాళం పడి, మళ్ళీ కారిడార్‌లోకి రాలేని ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. సరదాకి లోపలికి వెళ్ళి చూడొద్దు. హాంకాంగ్, చైనా లాంటి చోట్ల నిబంధనల ప్రకారం మధ్య మధ్య తలదాచుకోవడానికి ఖాళీగా ఉంచిన రెఫ్యూజ్ అంతస్తులుంటాయి, అరవై అంతస్తులు దిగనక్కర్లేదు, అక్కడి దాకా దిగితే చాలు. అలారం మోగితే స్పీకర్‌లో ఏ అంతస్తులు కదలమన్నారో వినాలి, అందరినీ ఒకేసారి దింపరు. కార్డు, బూట్లు మంచం పక్కనే ఉండాలి.

బుకింగ్‌లో ‘హై ఫ్లోర్’ అని గది పేరులోనే ఉంటే అది హామీ, ‘కోరిక’ గడిలో రాస్తే అది విన్నపం. గదుల కేటాయింపు చాలావరకు ముందురోజు రాత్రికో ఆ పొద్దుటికో అయిపోతుంది, కాబట్టి రెండు మూడు రోజుల ముందు హోటల్‌కే నేరుగా రాయాలి: ఏ దిక్కు, ఏ గదులకి దూరంగా, ఎన్నింటికి వస్తారో. మూడు ముక్కల్లో. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే సర్వీసు చార్జి, పన్ను రెండూ అదనం. చెకిన్‌లో డిపాజిట్ కింద కార్డు మీద కొంత సొమ్ము ఆపుతారు. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలో డబ్బు నిజంగానే ఇరుక్కుంటుంది, విడుదలకి వారం పైన కూడా పట్టొచ్చు, క్రెడిట్ కార్డే ఇవ్వాలి. బిల్లు మీ దేశం డబ్బులో కట్టమంటారా అని మర్యాదగా అడుగుతారు. వద్దనాలి, ఆ మారకపు రేటు దాదాపు ఎప్పుడూ నష్టమే.

ఆలస్యంగా ఖాళీ చేయడానికి ఒప్పుకున్నా తలుపు కార్డు మాత్రం పాత గంటకే చచ్చిపోతుంది. పొద్దున్న కిందికి దిగినప్పుడే దాన్ని కొత్తగా రాయించుకోవాలి. లేకపోతే మధ్యాహ్నం పన్నెండున్నరకి లిఫ్టులో నిలబడి కార్డు ఎన్నిసార్లు ఆనించినా ఎర్ర దీపమే వెలుగుతుంది, పెట్టెలు పైన, మనం కింద. పెట్టెలు దింపే మనిషి కోసం అరగంట ముందు ఫోన్ చేయాలి. అతనొచ్చేదీ ఆ సర్వీసు లిఫ్టులోనే.